చేపల తొట్టికి చిల్లర్ వద్దు, చిన్న ఫ్యాన్ చాలు: మన పొడి ఊళ్లలో లెక్క ఇదీ

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, షాపింగ్ యాప్‌లలో అక్వేరియం చిల్లర్లు, పెల్టియర్ కూలర్లు, వైఫై థర్మామీటర్లు వరుసగా కనిపిస్తాయి. ఫోన్లకు ఉన్నట్టే వీటి పేర్ల వెనక కూడా ప్రో, మ్యాక్స్, స్మార్ట్ అనే తోకలు ఉంటాయి. ఇంట్లో నాలుగు గప్పీలు, రెండు ఏంజెల్ ఫిష్ పెంచుకునే కుర్రాడు వాటిని చూసి "ఇది కొనకపోతే నా చేపలు చచ్చిపోతాయేమో" అని భయపడతాడు. ఆ భయం మీదే సగం అమ్మకాలు నడుస్తాయి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం లాంటి ఊళ్లలో మంచినీటి చేపలు పెంచేవాళ్లలో ఎక్కువమందికి చిల్లర్ అవసరం లేదు. 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి, టెంపరేచర్ కంట్రోలర్ ఒకటి, వైఫై రౌటర్‌కి వాడే మినీ యూపీఎస్ ఒకటి ఉంటే సరిపోతుంది. ఇదేదో డబ్బుల్లేక చేసుకునే సర్దుబాటు కాదు. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నిజంగానే ఇది బాగా పనిచేస్తుంది. ఎలాగో లెక్కలతో చూద్దాం.

చేపకి థర్మల్ థ్రాట్లింగ్ ఉండదు

ఎండలో గేమ్ ఆడితే ఫోన్ ఏం చేస్తుంది? ప్రాసెసర్ స్పీడ్ తగ్గించుకుంటుంది. ఫ్రేమ్ రేట్ పడిపోతుంది, స్క్రీన్ డిమ్ అవుతుంది. మనకు చిరాకు వస్తుంది కానీ ఫోన్ మాత్రం తనను తాను కాపాడుకుంటుంది.

చేప విషయంలో దీనికి పూర్తిగా రివర్స్. చేప శరీరం చుట్టూ ఉన్న నీటి వేడినే తీసుకుంటుంది. నీళ్లు వేడెక్కితే దాని ఒంట్లో పనులన్నీ స్పీడ్ అవుతాయి. నీటి వేడి 10 డిగ్రీలు పెరిగితే చేపకు కావాల్సిన ఆక్సిజన్ దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే ఎండాకాలంలో చేప ఎప్పుడూ 'పర్ఫార్మెన్స్ మోడ్'లోనే ఉంటుంది, ఆఫ్ చేసుకునే వీలు లేదు.

అదే సమయంలో నీళ్లలో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటర్ నీళ్లలో గరిష్ఠంగా 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర అది దాదాపు 7.6కి పడిపోతుంది. ఇవి సముద్ర మట్టం దగ్గర లెక్కలు. హిందూపురం 600 మీటర్ల ఎత్తు పైనే ఉంది కాబట్టి అక్కడ గాలి ఒత్తిడి కాస్త తక్కువ, నీళ్లలో కరిగే ఆక్సిజన్ కూడా ఇంకో ఏడు శాతం దాకా తగ్గుతుంది. డిమాండ్ పెరుగుతోంది, సప్లై తగ్గుతోంది. ఈ రెండిటి మధ్య చేప ఇరుక్కుంటుంది.

మూడో సమస్య అమ్మోనియా. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాలో కొంత భాగమే నిజంగా విషం. పీహెచ్ 8 ఉన్న నీళ్లలో 25 డిగ్రీల దగ్గర ఆ భాగం దాదాపు 5 శాతం. 30 డిగ్రీలకు వచ్చేసరికి 7 శాతం దాటుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టిగా, క్షారగుణంతో ఉంటాయి కాబట్టి ఈ విషయం మనకు ఇంకా ముఖ్యం. ఎండాకాలంలో మేత ఎక్కువ వేయొద్దని పాతకాపులు చెప్పేది ఇందుకే. తిన్నదంతా మళ్లీ అమ్మోనియాగానే బయటికొస్తుంది.

గప్పీలు, మోలీలు, బెట్టా, ఏంజెల్ లాంటివి 28 డిగ్రీల దాకా హాయిగా ఉంటాయి, 30 దాకా ఓర్చుకుంటాయి. 32 దాటి రోజులు గడిస్తే మాత్రం ఇబ్బంది మొదలవుతుంది. గోల్డ్‌ఫిష్ అసలు చల్లటి నీటి చేప, దానికి 18 నుంచి 24 మధ్య బాగుంటుంది. కాబట్టి మన టార్గెట్ 28, రెడ్ లైన్ 31 అనుకుందాం.

వెదర్ యాప్‌లో మీరు చూడాల్సిన నెంబర్ వేరే ఉంది

ధర్మవరంలో 40 డిగ్రీలు అని యాప్ చూపిస్తే గుండె గుభేలుమంటుంది. కోస్తాలో ఉన్న మీ ఫ్రెండ్ "మా దగ్గర 36 మాత్రమే" అంటాడు. ఎవరి చేపలు సేఫ్?

తొట్టి పైన ఫ్యాన్ పెట్టినంతవరకు, ధర్మవరం చేపలే సేఫ్.

గాలి తగిలితే నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేటప్పుడు మిగిలిన నీళ్ల నుంచి వేడిని లాక్కెళ్తాయి. కుండలో నీళ్లు చల్లబడేది ఇలాగే, చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే హాయిగా ఉండేదీ ఇలాగే. ఈ పద్ధతిలో నీళ్లు ఎంతవరకు చల్లబడగలవో చెప్పే హద్దును వెట్ బల్బ్ టెంపరేచర్ అంటారు. థర్మామీటర్ బల్బుకు తడి గుడ్డ చుట్టి గాలికి పెడితే వచ్చే రీడింగ్ అదే. గాలి ఎంత పొడిగా ఉంటే ఆ నెంబర్ అంత కిందికి వెళ్తుంది.

40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉంటే వెట్ బల్బ్ దాదాపు 23 డిగ్రీలు. 36 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉంటే అది 29 డిగ్రీల పైనే. అంటే ధర్మవరంలో ఫ్యాన్‌కి 17 డిగ్రీల గ్యాప్ దొరుకుతుంది, కోస్తాలో ఏడు డిగ్రీలు కూడా దొరకదు. ఇంట్లో తొట్టి ఎప్పుడూ ఆ హద్దు దాకా చల్లబడదు. గాజు గోడల నుంచి వేడి లోపలికి వస్తుంది, పంపు కూడా వేడి ఇస్తుంది. అయినా మామూలు సెటప్‌తోనే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. 32 దగ్గర ఉన్న తొట్టి 28కి వస్తే అదే చేపల ప్రాణం.

అనంతపురం ప్రాంతం అనగానే అందరికీ గుర్తొచ్చేది కరువు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. రైతుకు శాపమైన ఆ పొడి గాలే చేపల తొట్టికి మాత్రం వరం. యూట్యూబ్‌లో చెన్నై, ముంబై వాళ్లు చేసిన వీడియోలు చూసి "ఫ్యాన్లు పనిచేయవట" అని తీర్మానించుకోకండి. వాళ్ల ఊళ్లో అది నిజం కావచ్చు. మన ఊరి గాలి వేరు.

ఒక లీటర్ ఆవిరి, ఐదు ఐస్ బాటిళ్లు

వంద లీటర్ల తొట్టి ఉందనుకుందాం. ఒక లీటర్ నీళ్లు ఆవిరైతే దాదాపు 2,430 కిలోజౌళ్ల వేడి పోతుంది. ఇంకెక్కడి నుంచీ వేడి రాకపోతే, ఆ ఒక్క లీటరే మిగతా నీళ్లను 5.8 డిగ్రీలు చల్లబరుస్తుంది.

ఇప్పుడు చాలామంది చేసే పని చూద్దాం. లీటర్ బాటిల్‌లో నీళ్లు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి తొట్టిలో తేలేస్తారు. ఆ ఐస్ కరగడానికి, కరిగిన నీళ్లు 28 డిగ్రీలకు రావడానికి కలిపి తీసుకునే వేడి 450 కిలోజౌళ్లే. అంటే వంద లీటర్లలో ఒక్క డిగ్రీ తగ్గుతుంది, అంతే. ఒక లీటర్ ఆవిరి చేసే పనికి ఐదు బాటిళ్ల ఐస్ పైనే కావాలి. ఆ ఐస్ తయారుచేయడానికి ఫ్రిజ్ కరెంటు తాగుతుంది, ఆ వేడిని మీ వంటింట్లోనే వదులుతుంది. పైగా చిన్న తొట్టిలో బాటిల్ వేస్తే గబగబా రెండు మూడు డిగ్రీలు పడిపోయి, కరగ్గానే మళ్లీ పెరుగుతుంది. చేపకు వేడి కన్నా ఈ ఊగిసలాటే ఎక్కువ చేటు. అత్యవసరంలో ఐస్ బాటిల్ వాడండి, తప్పులేదు. దాన్నే రోజువారీ పద్ధతి చేసుకోకండి.

ఫ్యాన్ ఖర్చు కూడా చూద్దాం. రోజుకు ఒక లీటర్ ఆవిరైతే అది 24 గంటలూ ఆగకుండా 28 వాట్ల చల్లదనం ఇచ్చినట్టు. దానికి 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్ తీసుకునేది రెండు మూడు వాట్లు. ఇంత మంచి ఎఫిషియెన్సీ ఏ చిల్లర్ బాక్స్ మీదా కనిపించదు. ఎందుకంటే చల్లబరిచే అసలు పని ఫ్యాన్‌ది కాదు, పొడి గాలిది. ఫ్యాన్ తడి గాలిని పక్కకు నెట్టి కొత్త గాలిని తెస్తుందంతే.

మార్కెట్లో ఉన్నవాటి మీద మా మాట

ముందు పెల్టియర్ కూలర్లు. గేమింగ్ ఫోన్ల వెనక తగిలించే క్లిప్ కూలర్ మీకు తెలుసు కదా, అదే టెక్నాలజీ. ఫోన్ వెనక చిన్న చదరం చల్లబరచడానికి అది భేష్. కానీ వంద లీటర్ల నీళ్లకు అది సరిపోదు. ఎక్కువగా దొరికే టీఈసీ1-12706 మాడ్యూల్ 12 వోల్టుల మీద ఆరు ఆంపియర్ల దాకా లాగుతుంది. తీసుకున్న కరెంటులో సగం పాటి చల్లదనం కూడా కష్టంగానే ఇస్తుంది, మిగతాదంతా వేడి. పది ఇరవై లీటర్ల చిన్న తొట్టికి ప్రయోగంగా బాగుంటుంది. అంతకు మించి డబ్బు దండగ.

తర్వాత కంప్రెసర్ చిల్లర్లు. ఇవి నిజంగా పనిచేస్తాయి, అందులో డౌటే లేదు. కానీ ధర ఒక మిడ్ రేంజ్ ఫోన్ రేటుకు వెళ్తుంది. తొట్టి నుంచి తీసిన వేడిని గదిలోనే వదులుతాయి, కాబట్టి చిన్న గదిలో మీకు ఇంకా ఉక్కపోత. అన్నిటికన్నా ముఖ్యం, కరెంటు పోతే ఆగిపోతాయి. రౌటర్ యూపీఎస్ మీద కంప్రెసర్ నడవదు.

ఇక స్మార్ట్ ప్లగ్‌లు, వైఫై థర్మామీటర్లు. మా పాఠకులకు ఎక్కువ టెంప్టేషన్ ఇక్కడే ఉంటుందని తెలుసు. ఫోన్‌లో గ్రాఫ్ చూడటం బాగుంటుంది, కాదనం. కానీ ఒక్కసారి ఆలోచించండి. మీరు బెంగళూరు హాస్టల్‌లో ఉన్నారు, తొట్టి హిందూపురంలో ఉంది. మధ్యాహ్నం రెండున్నరకు "నీటి వేడి 31.8" అని అలర్ట్ వచ్చింది. మీరు ఇంటికి ఫోన్ కొడతారు: "అమ్మా, తొట్టి పక్కన ఫ్యాన్ స్విచ్ వెయ్యి మా." అటువైపు నుంచి జవాబు: "కరెంటే లేదు నాయనా." అలర్ట్ వచ్చింది, మీరు చూశారు, కానీ చేపకు ఒరిగిందేమీ లేదు. నిజానికి కరెంటు పోతే చాలాసార్లు వైఫై కూడా పోతుంది కాబట్టి ఆ అలర్ట్ కూడా రాదు.

అందుకే మా రూల్ ఒకటే. వేడిని కొలిచే సెన్సార్, నిర్ణయం తీసుకునే బుర్ర, తిరిగే ఫ్యాన్, ఈ మూడూ తొట్టి పక్కనే ఉండాలి. ఇంటర్నెట్ ఉంటే గ్రాఫ్ చూడండి, లేకపోయినా ఫ్యాన్ మాత్రం తిరగాలి. సర్వర్ ఎక్కడో ఉన్న యాప్ చేతిలో చేప ప్రాణం పెట్టకూడదు.

మేమైతే ఇలా సెట్ చేస్తాం

ఫ్యాన్: 12 వోల్టుల 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్. పెద్ద తొట్టి అయితే రెండు. నీటి మీద ఏటవాలుగా గాలి తగిలేలా పెట్టాలి. గాజు మూత తీసేసి దోమతెర మెష్ బిగించండి. మూత ఉంటే ఆవిరి బయటికి పోదు, ఏమీ లేకపోతే చేపలు ఎగిరి కింద పడతాయి.

కంట్రోలర్: ఎస్‌టీసీ-1000 లాంటి పాత, మొండి పీస్ చాలు. దీనికి ప్రోబ్ ఉంటుంది, రిలే ఉంటుంది, క్లౌడ్ అకౌంట్ అడగదు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. మన షాపుల్లో ఎక్కువగా దొరికేది 220 వోల్టుల మోడల్. కరెంటు పోగానే అందులోని రిలే తెరుచుకుంటుంది, యూపీఎస్ మీద ఉన్నా మీ ఫ్యాన్ ఆగిపోతుంది. అందుకే 12 వోల్టుల వెర్షన్ అడిగి తీసుకోండి, దాన్ని కూడా యూపీఎస్ మీదే పెట్టండి. సెట్ పాయింట్ 28, తేడా 0.5 పెడితే 28.5 దగ్గర ఫ్యాన్ మొదలై 28 దగ్గర ఆగుతుంది. 220 వోల్టుల వైర్లు తొట్టి దగ్గరికి రాకపోవడం ఇంకో లాభం.

బ్యాకప్: 12 వోల్టుల మినీ యూపీఎస్. లోపల 30 వాట్-అవర్ బ్యాటరీ ఉంటే నష్టాలు పోను 24 మిగులుతుందనుకుందాం. ఫ్యాన్, కంట్రోలర్ కలిపి ఐదు వాట్లు లాగితే దాదాపు ఐదు గంటలు. రౌటర్‌ని దీని మీద పెట్టకండి, దానికి వేరేది కొనుక్కోండి.

ఆక్సిజన్: యూఎస్‌బీ ఎయిర్ పంప్, పవర్ బ్యాంక్. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ మీద ఒకటిన్నర వాట్ పంపు పది గంటలకు పైనే నడుస్తుంది. కొన్ని పవర్ బ్యాంకులు లోడ్ మరీ తక్కువైతే తమంతట తామే ఆఫ్ అవుతాయి. కొన్ని ఛార్జ్ అవుతూ అవుట్‌పుట్ ఇవ్వవు. ఈ రెండూ మార్చిలోనే టెస్ట్ చేసుకోండి, మే నెల మిట్టమధ్యాహ్నం కాదు.

సొంతంగా కట్టుకునే సరదా ఉన్నవాళ్లు ఈఎస్‌పీ32 బోర్డు, డీఎస్18బీ20 వాటర్‌ప్రూఫ్ సెన్సార్‌తో ఇదంతా చేసుకోవచ్చు. ఆ సెన్సార్ కచ్చితత్వం అర డిగ్రీ అటూ ఇటూ. గ్లాసులో ఐస్ ముక్కలు, కొద్దిగా నీళ్లు కలిపి అందులో ముంచితే సున్నా చూపించాలి, తేడా ఉంటే కోడ్‌లో సరిచేయండి. ఒక్క షరతు: సెన్సార్ నుంచి రీడింగ్ రాకపోతే ఫ్యాన్ ఆన్‌లోనే ఉండేలా రాయండి. ఫ్యాన్ అనవసరంగా తిరిగితే పోయేది కొన్ని నీళ్లు. అవసరమైనప్పుడు తిరగకపోతే పోయేది చేప.

వైర్లు గోడకు వెళ్లేముందు కిందికి వంపు తిరిగి పైకి వెళ్లేలా కట్టండి. నీటిచుక్క వైర్ మీదుగా జారినా ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, సాకెట్‌లోకి పోదు.

డబ్బులు ఖర్చు లేని పనులు కూడా ఉన్నాయి. తొట్టిని పడమటి గోడకు ఆనించొద్దు. లైట్లు పగలు కాకుండా సాయంత్రం నాలుగైదు గంటలు వేస్తే చాలు. నీళ్లలో మునిగి ఉండే 20 వాట్ల పంపు తన వేడంతా నీళ్లకే ఇస్తుంది. వంద లీటర్లలో, వేడి బయటికి పోకపోతే, అది రోజుకు నాలుగు డిగ్రీలతో సమానం. అవసరానికి మించిన పంపు ఉంటే చిన్నది పెట్టండి. గదిలో ఎయిర్ కూలర్ వేస్తే కిటికీ తెరిచి ఉంచండి. తలుపులన్నీ మూస్తే గదిలో తేమ పేరుకుపోయి మీకూ సుఖం ఉండదు, చేపలకూ ఉండదు.

మూడు ఊళ్లు, మూడు సెట్టింగులు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారిలో ఉన్నాయి, 2022 నుంచి ఒకే శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. అయినా తొట్టికి మూడూ ఒకటి కాదు.

హిందూపురం ఎత్తులో ఉంది, కర్ణాటక సరిహద్దు పక్కనే. రాత్రిళ్లు కాస్త చల్లబడుతుంది. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి దాకా ఫ్యాన్ తిరిగితే చాలా తొట్లకు చాలు. ఎత్తు వల్ల ఆక్సిజన్ కాస్త తక్కువ కాబట్టి ఎయిర్ పంపు మాత్రం ఆపొద్దు.

పెనుకొండ కొండ పాదం దగ్గరి ఊరు. గగన్ మహల్‌ని విజయనగర రాజుల వేసవి విడిది అంటారు, కానీ మనం ఉండేది ఆ మహల్‌లో కాదు, స్లాబ్ కింద. పగలంతా ఎండ తాగిన బండరాయి, కాంక్రీటు చీకటి పడ్డాక కూడా వేడి కక్కుతూనే ఉంటాయి. ఎర్రమంచి దగ్గర కియా ప్లాంట్‌లో 2019లో ఉత్పత్తి మొదలైంది. అక్కడికి షిఫ్టులకు వెళ్లేవాళ్లు పై అంతస్తు గదిలో తొట్టి పెట్టుకుంటే, పగలు ఆ గదికి తాళం, కిటికీలు బంద్. అలాంటి గదికి కంట్రోలర్ తప్పనిసరి. కిటికీ ఒక్కటైనా మెష్ వేసి తెరిచి ఉంచండి, లేకపోతే ఆవిరి బయటికి పోయే దారి ఉండదు. పాత మట్టి మిద్దె ఇల్లు దొరికితే ఇంకేం కావాలి, తొట్టి అందులోనే పెట్టండి.

ధర్మవరం ఈ మూడింటిలో పల్లంలో ఉంది, ఎండ ఎక్కువ. ఇక్కడ ఏప్రిల్, మేలలో రాత్రిపగలు ఫ్యాన్ తిరగాల్సిందే. గోల్డ్‌ఫిష్ మీద మోజు ఉంటే దయచేసి ఇంకోసారి ఆలోచించండి. 24 డిగ్రీలు కోరే చేపను తెచ్చి చిల్లర్ కోసం అప్పు చేసే బదులు, 28కి సంతోషంగా ఉండే గప్పీలు, మోలీలు తెచ్చుకోవడం తెలివైన పని. పట్టు మగ్గాల ఊరు కాబట్టి ఇక్కడ ఒక అడ్వాంటేజ్ కూడా ఉంది. మగ్గం ఉన్న ఇంట్లో పగలంతా ఎవరో ఒకరు ఉంటారు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయని గమనించే మనిషి ఏ యాప్ కన్నా మేలు.

అలా చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తుంటే ముందు ఎయిర్ పంపు, ఫ్యాన్ రెండూ ఫుల్‌గా పెట్టండి. లైట్ ఆపండి. ఆ రోజు మేత వేయొద్దు. ఐదో వంతు నీళ్లు తీసి, ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే చల్లగా ఉన్న నీళ్లు నెమ్మదిగా పోయండి.

మరి నీళ్ల సంగతి?

ఇది న్యాయమైన ప్రశ్న. కరువు సీమలో ఉంటూ నీళ్లను గాలికి ఆవిరి చేయమంటారా అని ఎవరైనా అడగొచ్చు. పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయర్‌కి హంద్రీ-నీవా కాలువలో వచ్చే నీళ్లు శ్రీశైలం వెనక జలాల నుంచి ఎత్తిపోసినవి. అంత దూరం నుంచి వచ్చే నీళ్లకు లెక్క ఉండాలి.

ఫ్యాన్ కింద వంద లీటర్ల తొట్టిలో రోజుకు ఒకటి, ఒకటిన్నర లీటర్లు పోతాయనుకుందాం. మనుషుల కోసం గదిలో పెట్టే ఎయిర్ కూలర్ గంటకే లీటర్ల కొద్దీ తాగుతుంది. దాంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఇంకా, వారానికి ఒకసారి తొట్టి నుంచి తీసే పాతిక లీటర్లు డ్రైనేజీలో పోయకండి. కరివేపాకు చెట్టుకు, తులసి కోటకు అంతకు మించిన ఎరువు లేదు.

అసలు జాగ్రత్త వేరే ఉంది. నీళ్లు ఆవిరైనా వాటిలోని లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. 800 టీడీఎస్ ఉన్న బోరు నీళ్లతో రోజుకు ఒకటిన్నర లీటర్ నింపుతూ పోతే, నీళ్లు మార్చకపోతే, రెండు నెలల్లో తొట్టి టీడీఎస్ 1,500 దాటుతుంది. కాబట్టి ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీళ్లు పోయండి, వారం వారం మార్చేటప్పుడు మాత్రం మామూలు నీళ్లు వాడండి. చేతిలో ఒక టీడీఎస్ మీటర్ ఉంటే అంచనాలతో పని లేదు. ఇంకో మాట, మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు పోయకండి, అవి కాలిపోతుంటాయి. తెల్లవారుజామున పట్టి పెట్టుకోండి. మున్సిపల్ నీళ్లయితే ఒక రోజు వెడల్పు బకెట్‌లో ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది.

చిల్లర్ ఎవరు కొనాలి?

సముద్రపు చేపలు, పగడాలు పెంచేవాళ్లు కొనాలి. అక్కడ వేడి ఒకటి రెండు డిగ్రీలు దాటినా నష్టం పెద్దది, నీళ్లు ఆవిరైతే ఉప్పు శాతం కూడా మారిపోతుంది. చల్లటి నీటి చేపలే కావాలని పట్టుబట్టేవాళ్లు, తేమ ఎక్కువ ఉన్న కోస్తా ఊళ్లలో పెద్ద తొట్లు ఉన్నవాళ్లు కూడా ఆలోచించొచ్చు. మన ఊళ్లలో కూడా వాన జల్లులు పడ్డాక, జూన్ నుంచి తేమ పెరిగాక ఫ్యాన్ పవర్ తగ్గుతుంది. కానీ అప్పటికి ఎండ కూడా దిగుతుంది కాబట్టి లెక్క సరిపోతుంది.

మిగతా అందరికీ మా సలహా ఇదే. ముందు రెండు వారాలు థర్మామీటర్ పెట్టి ఉదయం ఆరుకు, మధ్యాహ్నం నాలుగుకు రీడింగ్ రాయండి. మధ్యాహ్నం రీడింగ్ 30 దాటితే ఫ్యాన్ పెట్టండి. మూత తీసి, ఫ్యాన్ సరిగ్గా బిగించి, కిటికీ తెరిచాక కూడా 31 కిందికి రాకపోతే అప్పుడు చిల్లర్ గురించి మాట్లాడుకుందాం. అంతదాకా వచ్చే తొట్లు ఈ మూడు ఊళ్లలో తక్కువే ఉంటాయని మా నమ్మకం.

ఫోన్ కొనేటప్పుడు అవసరం లేని ఫీచర్‌కి డబ్బు పెడితే మహా అయితే ఆ డబ్బు పోతుంది. చేపల దగ్గర చిక్కేంటంటే, ఖరీదైన డబ్బా ఉంది కదా అని మనం ధీమాగా ఉండిపోతాం. కరెంటు పోయిన ఆ మూడు గంటల గురించి ఎవరూ ఆలోచించరు. చిల్లర్‌కి పెట్టే డబ్బులో పదో వంతు బ్యాకప్ మీద పెట్టండి. మీ చేపలకు మే నెలలో నిజంగా కావాల్సింది అదే.